కింద నుంచి వచ్చే బెల్లు

ఆండర్సన్‌పేటలో గ్యాస్ వెల్డింగ్ చేసే కొట్టు ఒకటి ఉంది. పోయిన వారం కూరగాయల సంచి పట్టుకొని ఆ కొట్టు ముందు నుంచి నడుస్తున్నాను. లోపల ఎవరో సిలిండరు మర తిప్పినట్టున్నారు, బుస్సుమని గాలి చప్పుడు వచ్చింది. అంతే, నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక వస్తున్న స్కూటరతను నన్ను తిట్టుకుంటూ పక్కకు తిప్పుకొని పోయాడు. తిట్టనీ. నాకు ఆ చప్పుడు వెల్డింగు కొట్టుది కాదు, మా యాకోబు మామ మంచం పక్కన నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండరుది. ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. 

యాకోబు మామ మాకు చుట్టం కాదు. కోరమండల్‌లో కోలారు బంగారు గని కార్మికులుండే వరస ఇళ్ళ లైన్లలో వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ, ఆ వరసన మామ. తాడు పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. ఆ తాడే నాకు అన్నం పెట్టింది, సముద్రాలు దాటించింది, మళ్ళీ తెచ్చి ఈ ఊళ్ళోనే పడేసింది. ఆయన చివరి రోజున ఆయన్ని తీసుకుపోవడానికి ఆంబులెన్సు వాకిట్లోకి వస్తే, దాన్ని వెనక్కి పంపినదాన్ని నేను. ఆయన నన్ను కోరింది అదే. ఆ రోజు నుంచి ఆయన భార్య శాంతత్త నాతో మాట్లాడటం మానేసింది. చర్చిలో నేను కూర్చున్న వరస చూసి తను వేరే వరసకు పోయేది. మామను మీరు చూడలేదు, ఇక చూడబోరు. చూసినవాళ్ళలో సగంమంది నేను ఆయన్ని చంపేశానని అనుకుంటున్నారు. కాబట్టి ఆయన ఎలాంటి మనిషో నేనే చెప్పాలి.

గని మూసేసిన రోజుల్లో నేను హైస్కూలు దాటుతున్నాను. లైన్లలోని మగవాళ్ళంతా తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పోయి, ఏ గేటు దగ్గరో వాచ్‌మన్ టోపీ పెట్టుకొని నిలబడి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాళ్ళు. మా నాన్నా అంతే. మామ మాత్రం పోలేదు. రైలు మెట్లు ఎక్కేసరికే ఆయనకు ఆయాసం వచ్చేది. పొద్దస్తమానం వాకిట్లో కూర్చొని, బంగారం తీసేశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మీద నుంచి లేచే తెల్ల దుమ్మును తిడుతూ, ఆ దుమ్ము చాలదన్నట్టు బీడీ తాగుతూ ఉండేవాడు. పని లేని మగవాడు ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఎంత ఇరుకవుతుందో అప్పట్లో మా లైన్లలో ప్రతి ఆడదానికీ తెలుసు. శాంతత్త పోరు పడలేక ఆయన పాస్టరుగారి దగ్గరికి పోయి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలకు ఏదైనా నేర్పుతానని చెప్పాడట. పాస్టరుగారు బైబిలు వచనాలు కాబోలు అనుకున్నారు. మామ తాళ్ళు తెచ్చాడు.

కామసముద్రం దాటాక మామిడి తోటలు అయిపోయే చోట పెద్ద పెద్ద రాతి గుండ్లు ఉంటాయి. మా చర్చి పిల్లల వేసవి శిబిరం అక్కడ. పొద్దున ప్రార్థన, రాగి సంగటి, పాటలు, తర్వాత మామ తాళ్ళు. గుండు మీద నుంచి ఒకరిని తాడుతో దించాలి, పైన ఇంకొకరు ఆ తాడు పట్టుకోవాలి. మేము భయపడింది దిగేటప్పుడు కాదు, తాడు పట్టుకునేటప్పుడే. తప్పుగా పట్టుకుంటే గుండు కంటే ముందు మామ నోరు మీద పడేది. ఆయన తిట్లు మూడు భాషల్లో ఉండేవి. కన్నడం తిట్టు వస్తే కోపం తక్కువ, తమిళం వస్తే ఎక్కువ, తెలుగులో తిట్టాడంటే ఆ పూట తాడు మన చేతికి రాదు.

ఆయన పద్ధతి అంతా గని పద్ధతి. గనిలోకి మనుషుల్ని దించే ఇనుప పెట్టెను కేజ్ అంటారు. దాన్ని దించేది, లేపేది పైన ఇంజన్ రూములో కూర్చునే డ్రైవరు. కింద ఏం జరుగుతున్నదో అతనికి కనబడదు. కింద ఉన్న మనిషి బెల్లు కొడితే పైన మోగుతుంది, దాన్నిబట్టే అతను దించినా లేపినా. మామ పడుచు వయసులో రాయి తొలిచే మిషను పట్టుకొని ఛాతీ నిండా రాతి దుమ్ము పట్టించుకున్నాడు. ఆ తర్వాత గని మూసేదాకా కింద నిలబడి ఆ బెల్లు కొట్టడమే ఆయన పని.

"పైన ఉండేవోనికి కండ్లు లేవు పాపా, చెవులే," అనేవాడు నాతో. "మేనేజరే వచ్చి పక్కన నిలబడుకొని దించప్పా అన్నా, కింద నుంచి బెల్లు రానిదే దించకూడదు. కదిలేటప్పుడు ఒక్క బెల్లు కొట్టినారంటే ఆపేయాల. ఎందుకు కొట్టినావని అడిగేదానికి లేదు."

అందుకని తాడు పట్టుకునేవాళ్ళను ఆయన గుండు అంచుకు వీపు తిప్పి నిలబెట్టేవాడు. చూస్తే 'ఇక దిగొచ్చులే, భయపడాల్సిందేమీ లేదు' అని మనకే అనిపిస్తుందట. అది మన మాట, దిగేవాళ్ళ మాట కాదు. కాబట్టి చూడకూడదు, తల వంచుకొని వినాలి. తాడుకు ఆ కొసన ఉన్న పిల్ల "దించు" అంటే దించాలి, "ఆపు" అంటే ఆపాలి, ఏమీ అనకపోతే పొద్దు గూకేదాకా అయినా అలాగే నిలబడాలి. తోటి పిల్లలు "ఏమీ కాదు, దిగు దిగు" అని అరిస్తే మామకు ఒళ్ళు మండేది. ఏమీ కాదని చెప్పడానికి మీరెవరని తెలుగులోనే తిట్టేవాడు.

ఆ మాట మీద ఆయనకు ఎందుకంత పట్టుదలో నాకు కొన్నాళ్ళకు తెలిసింది. ఆయనతోపాటు రాయి తొలిచిన మునిసామి అనే స్నేహితుడికి ఊపిరితిత్తులు బాగా చెడిపోతే, కొడుకులు బెంగళూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. గొంతులో పైపు వేశారు, చేతులు మంచానికి కట్టారు. మామ చూడ్డానికి పోయాడు. పైపు ఉంటే మాట రాదు కదా, మునిసామి కట్టేసిన చేతి వేలితో మంచం ఇనుప కమ్మీ మీద కొడుతున్నాడట. ఒక్క దెబ్బ. కొంచెం ఆగి మళ్ళీ ఒక్క దెబ్బ. ఆపమని. చలికి వణుకుతున్నాడని నర్సు దుప్పటి కప్పింది. మామ కొడుకులతో చెప్పాడు, డాక్టరుతో చెప్పాడు. పెద్దాయన బాధలో ఏదో అంటున్నాడని అందరూ ఓపిగ్గా విన్నట్టు తలూపారట. మునిసామి ఆ మంచం మీదే చాలా రోజులు ఉండి చనిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు మామ గుండు నీడలో కూర్చొని ఉన్నాడు. చెప్పి, బీడీ ఆర్పి, చావంటే తనకు భయం లేదనీ నోరు పోయి బతకడమంటేనే భయమనీ అన్నాడు. ఆయన నోట భయం అనే మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

నేను డిగ్రీ పూర్తిచేసి మామకు తోడుగా శిబిరాలు నడుపుతున్నప్పుడు, మా చర్చిని చూడ్డానికి వచ్చిన ఒక విదేశీ అమ్మగారు ఆ గుండ్ల దగ్గర నన్ను చూశారు. స్కాట్లాండ్‌లో తమకు తెలిసిన క్రైస్తవ యువజన శిబిరం ఒకటి ఉంది, కొండలు ఎక్కించడానికి, పడవలు నడిపించడానికి ఎండాకాలానికి మనుషుల్ని తీసుకుంటారు, నువ్వు వస్తావా అని అడిగారు. మా అమ్మ ఏడ్చింది. మామ మాత్రం పో అన్నాడు. అక్కడ గుండ్లు తడిగా ఉంటాయట, జాగ్రత్త అన్నాడు. అంతకు మించి ఆశీర్వాదాలేమీ లేవు.

ఎండాకాలం అని పేరే గానీ అక్కడ ఎండ మొహం చూడాలంటే రాసిపెట్టి ఉండాలి. పెద్ద సరస్సు, దాని వెనక బూడిద రంగు కొండలు, వాటి మీద ఎప్పుడూ వదలని ముసురు. వాన ఆగితే కంటికి ఆనని దోమలు. పొద్దున లేస్తే ప్రార్థన, ఓట్స్ జావ, తర్వాత పిల్లల్ని వెంటబెట్టుకొని కొండకో నీళ్ళకో. రబ్బరు బట్టలు, హెల్మెట్లు, తాళ్ళు ఉతికి ఆరేయడం, అవి ఎంతకీ ఆరకపోవడం. నా గదిలో ఆ తడి వాసనే కప్పుకొని పడుకునేదాన్ని. సాయంత్రాలు పిల్లల ముందు నా సాక్ష్యం, అంటే దేవుడు నా బతుకులో ఏం చేశాడో, చెప్పమనేవాళ్ళు. బంగారు గనుల ఊరి నుంచి వచ్చిందని పరిచయం చేయగానే పిల్లలు నా మెడ వైపు, చేతుల వైపు చూసేవాళ్ళు. నా మెడలో పూసల దండ. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నది మా ఊరికి సామెత కూడా కాదు, ఉన్న మాట. తవ్వి పోసిన దిబ్బలే మాకు మిగిలాయని చెబితే వాళ్ళకు అర్థం కాలేదు. దేవుడు మేలు చేశాడని ముగించి కూర్చునేదాన్ని.

శిబిరానికి పెద్ద ఫియోనా. మా అమ్మ వయసు మనిషి, మంచిది, నవ్వుతూనే నలుగురి పని చేసేది. నేను పోయిన కొత్తలో ఒకరోజు ఒక పిల్లాణ్ణి రాతి మీద నుంచి దించుతున్నాను, అలవాటు ప్రకారం వీపు తిప్పి, తల వంచుకొని. ఫియోనా దూరం నుంచి చూసి పరుగెత్తుకొచ్చింది. తాడు నా చేతిలోంచి తీసుకొని ఆ పిల్లాణ్ణి తానే దించి, అప్పుడు నా వైపు తిరిగింది. ముఖం పాలిపోయి ఉంది. నువ్వు నిద్రపోతున్నావా, ప్రార్థన చేస్తున్నావా అని అడిగింది. వింటున్నానని చెప్పాను. ఆ వివరం ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. తాడుకు ఉన్న పిల్లవాడి కాలు జారితే, తాడు రాతికి రాసుకుంటే, వాడు నోరు తెరిచేలోపలే నువ్వు చూడాలి కదా అంది. ఆ మాట నిజం. గని కేజ్‌కు కాలు జారదు, పిల్లలకు జారుతుంది. మామ నేర్పినదాంట్లో అది తప్పని నాకు అక్కడ తెలిసింది. ఆ రోజు నుంచి చూస్తూనే తాడు పట్టుకున్నాను. కానీ కింద నుంచి మాట రానిదే కదిలించకపోవడం మాత్రం నా చేతుల్లోంచి పోలేదు.

దాంతోనే గొడవ వచ్చింది. ఆ శిబిరంలో ఒక ఆచారం ఉండేది. వారం చివర పిల్లల్ని ఎత్తైన రాతి అంచున నిలబెట్టి, ఒక్కొక్కరినీ తాడు మీద వెనక్కి వాలమనేవాళ్ళు. కింద మిగతావాళ్ళు పాట పాడుతూ చప్పట్లు కొడతారు. దేవుణ్ణి నమ్మడమంటే ఇదేనని ఫియోనా గట్టిగా నమ్మింది. ఎల్లెన్ అనే పిల్ల అంచున నిలబడింది. వాన తుంపర. కింద పాట ఊపందుకుంది. నేను తాడు పట్టుకొని ఆమె పెదవుల వైపే చూస్తున్నాను. "వద్దు" అంది, గాలి అంత సన్నగా. ఫియోనాకు వినబడలేదో, విన్నా భయం కొద్దీ అన్నదని అనుకుందో, ఇంకొంచెం వాలమని చెప్పింది. నేను తాడు బిగించి ఆ పిల్లను వెనక్కి లాగాను. పాట మధ్యలో ఆగిపోయింది.

సాయంత్రం ఫియోనా నన్ను పిలిచి, ఆ పిల్లకు దక్కాల్సినదాన్ని నువ్వు దక్కనివ్వలేదు అంది. కోపంగా అనలేదు, దిగులుగా అంది. అది నేను తట్టుకున్నాను. తట్టుకోలేనిది మరునాడు జరిగింది. పడవల కొట్టం దగ్గర ఎల్లెన్ నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. అందరూ దిగారు, నేనొక్కదాన్నే దిగలేదు, నా మాట నువ్వెందుకు విన్నావు, తోసి ఉంటే నేనూ దిగేదాన్ని కదా అని. థాంక్స్ చెబుతుందని లోలోపల ఎదురుచూశాను కాబోలు.

ఆదివారం ఇంటికి ఫోన్ చేసి మామను పిలిపించమన్నాను. జరిగింది చెప్పాను. అవతల చాలాసేపు దగ్గు. దగ్గు ఆగాక, "ఏడ్చిందా?" అని అడిగాడు.

ఏడ్చిందన్నాను.

"ఏడవనీలే. ఏడ్చేదానికి మనిషి ఉండాది కదా. నువ్వు తోసింటే ఆ పిల్లకు దాని నోటి మీద దానికే నమ్మకం పోయుండు. ఇంగ నువ్వు బేజారు చేసుకోవద్దు, కడుపుకు తిను."

తిన్నాను. కానీ ఆ సీజను అయిపోయాక మళ్ళీ ఏడాదికి నన్ను పిలవలేదు. గుంపులు పెద్దవి, నువ్వు నెమ్మది మనిషివి అన్నారు. మామ మాట నాకు అక్కడ ఉద్యోగం నిలపలేదు. అది ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, వీసా అయిపోయిందని చెప్పాను.

తిరిగి వచ్చేసరికి మామ మంచంలో ఉన్నాడు. భుజాల ఎముకలు చొక్కా లోపల హ్యాంగరులా కనబడుతున్నాయి. మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు, ముక్కుకు గొట్టం. సిలిండరు మార్చినప్పుడల్లా బుస్సుమని చప్పుడు. శాంతత్త ఆ చప్పుడు వినగానే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి ఆయన ముఖం చూసి పోయేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆమెకు లోకమంటే ఆ మంచమే. జావ కాచి, వడగట్టి, చెంచాతో పట్టి, మూతి తుడిచి, ఆయన తిట్లు తిని, మళ్ళీ జావ కాచేది. ఆయనకు బీడీ వాసన కావాలని ఉందంటే, ఎవరో తాగుతుంటే ఆ మనిషిని కిటికీ అవతల నిలబెట్టిన ఇల్లాలు ఆమె.

ఒక పొద్దున ఆమె నీళ్ళకు పోయినప్పుడు మామ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. "మునిసామి బెల్లు కొట్టినాడు పాపా. ఇన్నోడిని నేనొక్కడినే. ఇని ఏం చేసినాను? బస్సెక్కి వచ్చేసినాను." కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "నన్ను కూడా తీసకపోయేదానికి వస్తారు. నేను వద్దంటాను. ఆ పొద్దు నువ్వు ఇనాల."

అత్తకు చెప్పు మామా, ఆమె వినదా అన్నాను.

"మీ అత్తకు నేనంటే ప్రాణం. ప్రాణంగా ఉండేవాళ్ళకు ఈ మాట యాడ ఇనబడతాది?"

సరేనన్నాను. సరే అనకుండా ఎలా ఉంటాను? ఆయన ముందు నిలబడి కాదు అనగలిగినదాన్ని నేను ఎప్పుడూ కాను.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున ఆయన పెదవులు నీలంగా మారాయి. శాంతత్త తమ్ముడు ఆంబులెన్సు పిలిచాడు. నేను పోయేసరికి స్ట్రెచరు గుమ్మంలో ఉంది, లైన్లో జనమంతా వాకిట్లో ఉన్నారు. మామ వద్దు వద్దు అని చెయ్యి ఊపుతున్నాడు, ఎవరూ ఆ చేతిని చూడటంలేదు. నేను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, మామా, ఆసుపత్రికి పోదామా అని అడిగాను. "వద్దు," అన్నాడు. మళ్ళీ అడిగాను. "వద్దు. ఈడనే." ఆంబులెన్సులో వచ్చిన అబ్బాయికి చెప్పాను, ఆయనకు తెలివి ఉంది, నువ్వే అడుగు అని. ఆ అబ్బాయి పేరు అడిగాడు, ఊరు అడిగాడు, భార్య పేరు అడిగాడు. మామ అన్నిటికీ జవాబు చెప్పి, చివర తెలుగులో ఒక తిట్టు కూడా తిట్టాడు. ఆ అబ్బాయి ఇక నేనేం చేయలేనన్నట్టు నా వైపు, అత్త వైపు చూశాడు.

శాంతత్త నా రెండు చేతులు పట్టుకుంది. "అడ్డం తప్పుకో పాపా," అంది. "నీకు ఆయప్ప తాడు నేర్పిన మేస్త్రి. నాకు మొగుడమ్మా."

అయినా నేను తప్పుకోలేదు. ఆంబులెన్సు వెనక్కి తిరిగి పోయింది. అత్త తమ్ముడు నా ముఖాన ఉమ్మేసినంత పని చేసి, గుంపును చీల్చుకొని బయటికి పోయాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. ఇంట్లో మేము ముగ్గురమే మిగిలాం.

మధ్యాహ్నం దాకా మామ నిమ్మళంగానే ఉన్నాడు. శాంతత్త లోపలికి రాలేదు. గడప మీద వీధి వైపు తిరిగి కూర్చొని, కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తూ ఉంది. చప్పుడు రాకూడదని ఆమె తాపత్రయం. వీపు మాత్రం అదురుతూనే ఉంది. మామ ఆ వీపునే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చెయ్యి తట్టాడు.

"అది ఏడస్తా ఉండాది పాపా. పోదాం. బండి పిలువు."

నేను నమ్మలేక మళ్ళీ అడిగాను. ఆయన నేర్పిందే అది, స్పష్టంగా వినబడేదాకా అడగమని. "పోదాం," అన్నాడు. ఫోన్ చేశాను, ఆంబులెన్సు వేరే ఊరికి పోయిందన్నారు. గడప దగ్గర అత్తను దాటుకొని రోడ్డు మీదికి పరుగెత్తాను. చెప్పుల్లేవు. రోడ్డు మీద ఆటోలు సమయానికి దొరుకుతాయా, దొరికినతను లైన్లలోకి రానన్నాడు, బతిమాలాను. ఆటోతో వాకిట్లోకి వచ్చేసరికి మామ తల శాంతత్త ఒళ్ళో ఉంది. ఆయన కళ్ళు వాకిలి వైపు తెరిచే ఉన్నాయి. ఆటో అతను లోపలికి చూసి ఇంజను ఆపేశాడు.

నాకు ఆలస్యంగా బుద్ధి వచ్చి ఆటో తెచ్చానని లైన్లో అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఆయన మనసు మార్చుకున్న సంగతి నాకొక్కదానికే తెలుసు. అది శాంతత్తకు చెబితే ఏమవుతుంది? నీ కోసం ఒప్పుకున్నాడు, బండిని మాత్రం నేను ముందే పంపించేశాను అని చెప్పాలి. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె నాతో మాట్లాడకపోవడం నాకు తగిన శిక్షే అనుకొని, వేరే వరసలో కూర్చునే ఆమెను చూస్తూ ఏళ్ళు గడిపాను.

పోయిన వారం ఆ వెల్డింగు కొట్టు ముందు నిలబడ్డాక నేను ఇంటికి పోలేదు. కాళ్ళు వాటంతట అవే కోరమండల్ వైపు తిరిగాయి. శాంతత్త వాకిట్లో కూర్చొని చేటలో రాగులు ఏరుతోంది. దగ్గర నుంచి చూస్తే బాగా ముసలిదైపోయింది. నన్ను చూసి లేచి లోపలికి పోబోయింది. నిలబడే చెప్పేశాను, ఆ మధ్యాహ్నం మామ పోదామన్నాడనీ, బండి పిలవమన్నాడనీ, నేను అందుకే పరుగెత్తాననీ. చెప్పి, తిట్టినా కొట్టినా పడదామని తల వంచుకున్నాను.

"తెలుసు," అంది. చాలా ఏళ్ళ తర్వాత ఆమె గొంతు నా కోసం పలికిన మాట అది. "గడప మీదనే కదా కూర్చోనుంటి. ఇన్నాను."

మరి నాతో ఎందుకు మాట్లాడలేదత్తా అని అడిగాను.

ఆమె చేట కింద పెట్టింది. "నీ మొగం చూస్తే ఆ మాట ఇనబడతాది నాకు. ఆయప్ప జన్మంతా ఒక్క మాట మీద నిలబడినాడు. నా ఏడుపు చూసి వదిలేసినాడు. వదిలేసి, ఇంగా రాని బండి కోసరం వాకిలి దిక్కు చూస్తా పోయినాడు. నేను గమ్మునుండింటే నెమ్మదిగా పోయుండు పాపా. నువ్వు చేయాల్సింది నువ్వు చేసినావు. చెరిపింది నేను."

అది కాదత్తా అని నేను ఏదో మొదలుపెట్టాను. ఆమె విననన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. ఇన్నేళ్ళూ ఆమె నన్ను శిక్షిస్తోందని నేను అనుకుంటున్నాను, ఆమె తనను తాను శిక్షించుకుంటోంది. ఒకే చర్చిలో కూర్చుంటూ కూడా ఈ సంగతి కనుక్కోలేకపోయాం. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. కాసేపటికి ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకొని రాళ్ళు ఏరుతూ, ఎండలో నిలబడొద్దు, లోపలికి రమ్మంది.

ఇప్పుడు నేను బడి పిల్లల్ని, చర్చి పిల్లల్ని కోలారు కొండ రాళ్ళ మీదికి తీసుకుపోతుంటాను. పిల్లలు అంచున నిలబడి వద్దంటే వెనక్కి లాగుతాను, అందులో నాకు అనుమానం లేదు. వద్దన్న పిల్లే కొంచెంసేపటికి తిరిగొచ్చి, దిగుతాను అంటుంది చూడండి, అక్కడ ఆగిపోతాను. ఆ మాట అనేటప్పుడు ఆ పిల్ల ఎవరి ముఖం చూస్తోందో చూస్తాను. స్నేహితురాలి ముఖమా, కింద నిలబడ్డ టీచరు ముఖమా, నా ముఖమా. ఒక్కోసారి తెలుస్తుంది. చాలాసార్లు తెలియదు. తెలియనప్పుడు ఏం చేయాలో మామ నాకు చెప్పలేదు, ఆయనకూ తెలియదనుకుంటాను. ఆ పిల్లను ఇంకోసారి అడుగుతాను, తాడు గట్టిగా పట్టుకొని జవాబు కోసం నిలబడతాను.